రాని వాళ్ళ పుస్తకం

పోయిన వారం అబిగేలును మనం నూకరత్నం ఇంటి గుమ్మంలో, చేతిలో సగం తాగిన టీ గ్లాసుతో వదిలేసి వచ్చాం. పాపం, ఆదివారం సన్మానసభకు పిలవడానికి వెళ్ళింది. "మా అమ్మమ్మ బడిలో చదువుకున్న నలభై ఒక్కమందిలో మీరొకరు కదా" అని ముచ్చటగా మొదలుపెట్టింది. అరవై నాలుగేళ్ళ నూకరత్నం ఆహ్వానపత్రికను అటూ ఇటూ తిప్పి చూసుకుని, తాను ఆ బడి గుమ్మమే దాటలేదని చల్లగా చెప్పింది. చెప్పి, పత్రిక మాత్రం తిరిగి ఇవ్వకుండా దిండు కింద దాచుకుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. అబిగేలుకు ముప్పై నాలుగేళ్ళు. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి, హిందీ మీడియంలో చదివి, అక్కడే ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పనిచేస్తోంది. మెయిన్‌లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, జనం చదవడం రాయడం ఎలా నేర్చుకుంటారో పరిశోధించే శాఖలో, ఎనిమిదేళ్ళుగా పిహెచ్‌డి చేస్తోంది. ఆ థీసిస్ మొత్తం ఒక్క నోటుపుస్తకం మీద నిలబడి ఉంది. ఆమె అమ్మమ్మ కృపావతి పంతొమ్మిది వందల ఎనభై మూడులో, డెలానీపూర్ దాటాక ఉన్న తెలుగువాళ్ళ వరస ఇళ్ళ లైన్లలో, చర్చి పక్కగదిలో ఆడవాళ్ళకు సాయంత్రం బడి తెరిచింది. ఏడేళ్ళ పాటు ఆ పుస్తకంలో రాస్తూ వచ్చింది. ప్రతి పేజీ నిండా పేర్లే. అన్నీ కలిపితే నలభై ఒక్కమంది. వాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళు తొమ్మిది మంది.

నూకరత్నం మాట విన్న మర్నాడు, అంటే బుధవారం, అబిగేలు కాలేజీకి సెలవు పెట్టి పొద్దున్న తొమ్మిదింటికి పుస్తకం ముందు కూర్చుంది. ఇక్కడ ఒక రహస్యం బయటపెట్టక తప్పదు. తెలుగు చదువు మీద డాక్టరేటు చేస్తున్న మన అబిగేలుకు తెలుగు చదవడం సరిగ్గా రాదు. మాట్లాడుతుంది, పాడుతుంది, కోపం వస్తే శుభ్రంగా తిడుతుంది. అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుంటుంది. చేతిరాత చూస్తే మాత్రం చెమటలు పడతాయి. చర్చిలో తెలుగు కీర్తనలను ఆమె, ఆమె ఈడువాళ్ళు అందరూ హిందీ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కుల్లో చూసే పాడతారు. విశ్వవిద్యాలయం దరఖాస్తులో 'తెలుగు చదవడం, రాయడం వచ్చునా' అన్న చోట ధైర్యంగా టిక్కు పెట్టింది. ఆ టిక్కును ఎవరూ పరీక్షించలేదు.

మరి అమ్మమ్మ పుస్తకాన్ని ఎలా చదివింది? చదివించుకుంది. ఆ లైన్లలో పద్ధతే అది. మెయిన్‌లాండ్ నుంచి శుభలేఖ వచ్చినా, శ్రీకాకుళం నుంచి పొలం కాగితం వచ్చినా టైటస్ దగ్గరికి పట్టుకుపోతారు. ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ టిక్కెట్ల కౌంటర్‌లో ముప్పై ఏళ్ళు కూర్చుని రిటైరైన టైటస్, అబిగేలుకు సొంత మేనమామ. కృపావతికి ఒక్కడే కొడుకు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదువుతాడు, మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని వింటారు. ఆయన చదువుతుండగా కాగితంలోకి తొంగి చూడటం మర్యాద కాదు. తొంగి చూసినా ఎవరికీ ఏమీ తెలియదనుకోండి, అది వేరే సంగతి. అబిగేలు కూడా ఎనిమిది నెలల పాటు, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, మావయ్య ఎదురుగా మర్యాదగా కూర్చుంది. ఆయన చదివిన ప్రతి మాటను హిందీ అక్షరాల్లో రాసుకుంది. ఆ రాతను ఇంగ్లీషులో పెడితే అది థీసిస్‌లో నాలుగో అధ్యాయమైంది. వాళ్ళ గైడు ఆ అధ్యాయాన్ని మెచ్చుకుని, తన పేరు కూడా చేర్చి ఒక పత్రికలో అచ్చు వేయించాడు.

ఇప్పుడు మొదటిసారి ఒంటరిగా, అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదువుతోంది. ఒక్క పేజీకి మూడు గంటలు పట్టింది. పేర్లు ఆమెకు ముందే తెలుసు. పేర్ల పక్కన ఉన్నవాటితోనే చిక్కు. 'అమ్ములు, గుణింతం పూర్తి' అని తన హిందీ రాతలో ఉంది. పుస్తకంలో 'అమ్ములు, చిన్నదానికి జ్వరం' అని ఉంది. 'దీనమ్మ, తన పేరు తాను రాసింది' అని తన రాతలో ఉంది. పుస్తకంలో 'దీనమ్మ, భర్త ఓడ దిగి వచ్చాడట' అని ఉంది. పేజీ నెత్తిన ఉన్న వాక్యాన్ని ఆమె నాలుగుసార్లు చదివింది. ఏదో అక్షరం తప్పు చదువుతున్నానని ఆశ. తప్పు లేదు. ఇంకో పేజీ తిప్పింది, ఇంకో పేజీ. నెత్తిన అదే వాక్యం.

రెండున్నరకు పుస్తకాన్ని పాలిథిన్ కవరులో చుట్టుకుని, వానలో టైటస్ ఇంటికి నడిచింది.

టైటస్ వరండాలో కూర్చుని రేడియో వింటున్నాడు. ఆదివారం సభకు స్టేజీ, కుర్చీలు, పూలదండలు అన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతున్నాయి. అబిగేలును చూడగానే దండలు తొమ్మిదా పదా, నీకూ ఒకటి చెప్పాలా అని అడిగాడు. ఆమె పుస్తకం ఆయన ఒళ్ళో తెరిచి పెట్టి, ఈ పేజీ చదవమంది.

ఆయన రేడియో ఆపాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఎప్పటి గొంతుతోనే మొదలుపెట్టాడు. "ఈవేళ పదకొండు మంది వచ్చారు. అమ్ములు, గుణింతం పూర్తి..."

అబిగేలు తన కుర్చీని ఆయన పక్కకు జరుపుకుంది. జీవితంలో మొదటిసారి, మావయ్య చదువుతున్న కాగితంలోకి తొంగి చూసింది. పేజీ నెత్తిన వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లలా ఒక్కొక్క అక్షరమే పలికింది.

"ఈ... వే... ళ... కూ... డా... ఎ... వ... రూ... రా... లే... దు."

టైటస్ కళ్ళజోడు తీసేశాడు. వాన వంక తిరిగాడు. అబిగేలుకు ఒళ్ళు మండిపోతోంది, అదే సమయంలో ఏడుపు కూడా వస్తోంది. ఇంత పెద్ద మనిషిని, ఎత్తుకుని పెంచిన మనిషిని ఎలా నిలదీయాలో ఆమెకు తెలియలేదు. ఎందుకిలా చేశావని మాత్రం అడిగింది.

"ఎప్పుడు నేర్చుకున్నావే బేటీ, చదవడం?" అన్నాడు టైటస్.

"ఇవాళ పొద్దున్న."

ఆయన తల ఊపాడు. తరవాత మెల్లగా చెప్పుకొచ్చాడు. "మొదటి ఆదివారం నువ్వు రికార్డర్ ఆన్ చేసి కూచున్నావు. మా అమ్మ గురించి పెద్ద పుస్తకం రాస్తానన్నావు. నేను పేజీ తెరిచాను. ఎవరూ రాలేదు అని ఉంది. ఏడేళ్ళు రోజూ దీపం పెట్టుకుని కూచుంది మా అమ్మ, ఆ గదిలో, ఒక్కత్తే. అది నా నోటితో ఎలా చెప్పీది? వచ్చారు అనీసాను. ఒకసారి వచ్చారు అన్నాక, మరుసటి ఆదివారం రాలేదు అని ఎలా చదవమంటావు? బస్, అలా అయిపోయింది. ప్రతి శనివారం రాత్రీ కూచుని, రేపు ఎవరికి ఏ పాఠం చెప్పించాలా అని ఆలోచించీవోణ్ణి."

ఎనిమిది నెలల పాటు ఈయన కల్పించిన బడిలో నలభై ఒక్కమంది ఆడవాళ్ళు గుణింతాలు దిద్దుకుంటూ ఉంటే, అబిగేలు వాళ్ళ ప్రగతికి పట్టికలు గీసింది. గ్రాఫులు కూడా వేసింది. ఒకచోట వానాకాలంలో హాజరు పెరగడానికి కారణాలను రెండు పేజీల్లో వివరించింది.

ఇంతలో ఫోను మోగింది. గైడు ప్రొఫెసర్ సత్యారావు. మధ్యాహ్నం ఆమె పంపిన మెసేజీ చూసి చేశాడు. సత్యారావు చెడ్డవాడు కాదు. అబిగేలు ఫీజు కట్టలేని ఏడాది తానే వెళ్ళి ఆఫీసులో మాట్లాడి గడువు ఇప్పించినవాడు. తెలుగు ఆయనకు బ్రహ్మాండంగా వచ్చు. అయినా అసలు పుస్తకాన్ని ఒక్కసారి కూడా చూపించమని అడగలేదు, ఎందుకంటే ఇంగ్లీషు అధ్యాయం అంత బాగుంది. ఆమె చెప్పినదంతా ఓపికగా విన్నాడు. ఆమె నాలుగో అధ్యాయం తీసేసి కొత్తగా రాస్తానంది. ఆయన లెక్కలన్నీ నెమ్మదిగా గుర్తుచేశాడు. థీసిస్ ఇవ్వడానికి ఆఖరి తేదీ ఈ నెల ముప్పై ఒకటి. పొడిగింపులు రెండూ వాడేసుకుంది. తేదీ దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, ఎనిమిదేళ్ళూ పోతాయి. కాలేజీలో పర్మనెంటు పోస్టుకు మార్చిలో ఇంటర్వ్యూ, డాక్టరేటు లేనివాళ్ళను లోపలికే పిలవరు. ఇక తాను శనివారం ఇద్దరు బయటి ప్రొఫెసర్లను వెంటపెట్టుకుని దిగుతున్నాడు. ఆదివారం ఆ తొమ్మిది మందీ స్టేజీ మీద తలా ఒక వాక్యం చదవాలి, దాన్ని వీడియో తీయాలి. ఆయన శాఖకు రావాల్సిన రెండో విడత ప్రాజెక్టు నిధులు ఆ వీడియో మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆఖర్న గొంతు తగ్గించి అన్నాడు. "అబిగేలూ, ఆ పుస్తకం చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారమ్మా? మీ మావయ్య, నువ్వు, కావాలంటే నేను. ముగ్గురం నోరు మూసుకుంటే అది నలభై ఒక్కమంది చదువుకున్న పుస్తకమే."

ఫోను పెట్టేశాక అబిగేలు తానూ లెక్క వేసుకుంది. నిజం చెబితే తన చదువు పోతుంది, ఉద్యోగం పోతుంది, అమ్మమ్మ పరువు పోతుంది, మావయ్య అబద్ధాలకోరు అవుతాడు. చెప్పకపోతే ఆదివారం తొమ్మిది మంది ముసలివాళ్ళు కొడుకుల ముందు, కోడళ్ళ ముందు, మైకు పట్టుకుని తెల్లమొహం వేసుకుని నిలబడతారు. మెయిన్‌లాండ్‌లో అయితే ఏ బస్సో ఎక్కి నాలుగు రోజులు ఎటైనా పోవచ్చు. ఇక్కడ ఎటు పోయినా గంటన్నరలో సముద్రం వస్తుంది. ఇంత చిన్న ఊళ్ళో మొహం చాటేయడానికి కూడా చోటు లేదు.

"ఇంకొకటి ఉంది" అన్నాడు టైటస్.

ఆయన లోపలికి వెళ్ళి తన పెద్ద బైబిలు తెచ్చాడు. దాని అట్టకు వేసిన ప్లాస్టిక్ తొడుగులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీశాడు. నోటుపుస్తకంలోని మొట్టమొదటి పేజీ అది, ఆ మొదటి ఆదివారానికి ముందే ఆయన చింపి దాచినది. అబిగేలు చేతికి ఇచ్చి, దీన్ని నేను చదవను, నువ్వే చదువుకో అని మళ్ళీ వాన వంక తిరిగి కూర్చున్నాడు.

అమ్మమ్మ ఆ రోజు పెద్ద పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాసింది. అందుకని ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

'నూకరత్నం వచ్చింది. అందరికంటే ముందు వచ్చింది. పలక తానే తెచ్చుకుంది. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. పెద్దలు వచ్చి, ఈ బడి మన సంఘం వాళ్ళకే, బయటివాళ్ళు వద్దన్నారు. నేను ఎదురు చెప్పలేదు. గుమ్మంలోంచే పంపేశాను. నన్ను ఏమీ అనలేదు. పలక నెత్తిమీద పెట్టుకుని వానలో వెళ్ళింది.'

మిగతాది టైటస్ చెప్పాడు. మర్నాడు పొద్దున్న కొళాయి దగ్గర ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. ఆ లైన్లలో చర్చికి వెళ్ళేవాళ్ళూ, వెళ్ళనివాళ్ళూ ఒక్క కొళాయికే వెళ్ళాలి. నూకరత్నాన్ని పొమ్మన్న చోటికి మేమూ రామని ఆడవాళ్ళందరూ అనుకున్నారు. ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ వచ్చి కృపావతిని అడగలేదు. ఒకరికి పిల్లకు జ్వరమన్నారు, ఒకరికి మొగుడొచ్చాడన్నారు. ఆమె రోజూ ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. రోజూ వాళ్ళు చెప్పిన సాకులు పుస్తకంలో రాసుకుంది. ఏడేళ్ళూ అదే పుస్తకం. నూకరత్నం ఇంటికి మాత్రం వెళ్ళలేకపోయింది, ప్రతి పేజీలో ఆ పేరు రాసి పక్కన ఖాళీ వదిలేసింది.

అబిగేలు కాగితాన్ని జాగ్రత్తగా నోటుపుస్తకంలో పెట్టింది. అమ్మమ్మ మీద ఇంత కోపం వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ కోపంలోనే అమ్మమ్మ ఆ గదిలో దీపం ముందు ఒంటరిగా కూర్చున్న సాయంత్రాలు కళ్ళకు కట్టాయి.

అప్పుడు గేటు చప్పుడైంది.

గొడుగులు వేసుకుని ఆడవాళ్ళు లోపలికి వస్తున్నారు. ముందు నూకరత్నం. వెనక అమ్ములు, దీనమ్మ, ఇంకా ఆరుగురు. ఒకరు కర్ర పట్టుకుని, ఒకరు పక్కవాళ్ళ భుజం పట్టుకుని. ఆ లైన్లలో ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా కలిసే వెళతారు, వెళ్ళకపోయినా కలిసే మానేస్తారు. నూకరత్నం చంకలో మనవరాలి కాపీ పుస్తకం ఉంది, దాని అట్ట మీద కార్టూన్ ఎలుగుబంటి నవ్వుతోంది.

"టైటస్ భయ్యా, సర్చి గది తాళం ఇయ్యి" అంది నూకరత్నం. అబిగేలు వైపు తిరిగింది. "పాపా, కార్డు మీద పేరు పడిపోనాది. మా మనవడు ఫోన్లో ఎట్టీసినాడు. వండూర్ నుంచి మా అమ్మాయోళ్ళు జీపు కట్టించుకుని వస్తన్నారు. ఇప్పుడు రానేనంటే ఏటి సెప్పేది? ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. నా ముక్క నాకు నేర్పు, ఈళ్ళ ముక్క ఈళ్ళకి నేర్పు."

టైటస్ తాళం చెవి తీసి ఇచ్చాడు.

పక్కగది నిండా ఆదివారానికి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఐదు దాటేసరికి బయట చీకటి పడిపోయింది, మన ద్వీపాల్లో సాయంత్రానికి ఎప్పుడూ తొందరే. లైటు వేశారు. తొమ్మిది మందీ గోడ వారగా కూర్చున్నారు. టైటస్ తలుపు పక్కన నిలబడ్డాడు. తలుపు వేసెయ్యమనీ, కోడళ్ళు చూస్తే నవ్వుతారనీ అమ్ములు అంది. ఆయన తలుపు వేసి గడియ పెట్టాడు.

అబిగేలు మనసులో ఒక పాడు ఆశ తలెత్తింది. తలా ఒక్క వాక్యమే కదా. మూడు రోజులు వల్లె వేయిస్తే వచ్చేస్తుంది. స్టేజీ మీద పుస్తకం పట్టుకుని చెప్పేస్తారు, వీడియోలో చదివినట్టే ఉంటుంది. థీసిస్ నిలబడుతుంది, అమ్మమ్మ నిలబడుతుంది, వీళ్ళూ నిలబడతారు. ఇందులో ఎవరికి నష్టం? ఆ ఆశను చూసి ఆమెకే అసహ్యం వేసింది. అయినా చాక్‌పీసు కోసం చేతులు వెతుకుతూనే ఉన్నాయి.

"ఆగు" అంది నూకరత్నం. ఆమె చూపు బల్ల మీది నోటుపుస్తకం మీద ఉంది. "అది మీ అమ్మమ్మ పుస్తకమే కదా. అందులో మా అందరి పేర్లూ ఉన్నాయని అంటన్నారు. నా పేరు దగ్గిర ఏటి రాసిందో ముందు అది సదివి సెప్పు. తరవాత నేర్పుదువు గాని."

ఏం రాసి ఉండాలో ఆ తొమ్మిది మందికీ తెలుసు. రాసిందో లేదో మాత్రమే తెలియదు. నలభై ఏళ్ళు దాటినా ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

అబిగేలు పుస్తకం తెరిచి మడత కాగితం విప్పింది. టైటస్ ఆమె కళ్ళలోకి చూశాడు, వెంటనే తల దించుకున్నాడు. మొదటి ఆదివారం మావయ్య నోరు ఎందుకు రాలేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆమె వేలు మొదటి అక్షరం మీద పెట్టింది.

"నూకరత్నం వచ్చింది" అని చదివింది. "అందరికంటే ముందు వచ్చింది. పలక తానే తెచ్చుకుంది."

అమ్ములు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. దీనమ్మ, అవును, కొత్త పలక అది, నాకు గుర్తే అంది. నూకరత్నం పెదవులు కదిలాయి, ఆ మూడు వాక్యాలనూ లోపల్లోపల మళ్ళీ చెప్పుకుంటున్నట్టు.

అబిగేలు అక్కడ ఆగింది. ఇంతవరకు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇక్కడితో ఆపేసినా అబద్ధం కాదు. కావాలంటే ఇంకో వాక్యం కూడా నాలుక చివర సిద్ధంగా ఉంది, వాన పెద్దదైందని ఇంటికి వెళ్ళిపోయింది అని. ఎంత తేలిక. ఆ వాక్యం చదివితే పుస్తకం మూసెయ్యవచ్చు, ఆదివారం గడిచిపోతుంది, ముప్పై ఒకటో తేదీ గడిచిపోతుంది. ఎనిమిది నెలల పాటు తన ఎదురుగా కూర్చున్న మనిషిలా తానూ ప్రతి శనివారం రాత్రి కూర్చుని రేపేం చదవాలా అని ఆలోచించుకోవచ్చు, బతికున్నంత కాలం.

ఆమె కాగితంలో మిగిలిన వాక్యాల మీద అరచెయ్యి ఆనించింది.

నూకరత్నం మోకాళ్ళు పట్టుకుని లేచింది. నడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడింది. చదివేవాళ్ళ కాగితంలోకి తొంగి చూడకూడదన్న మర్యాదను పక్కనపెట్టి, అబిగేలు చేతిని మెల్లగా పక్కకు జరిపి, వంగి చూసింది. అబిగేలు ఆగిన చోటుకు సరిగ్గా కింద తన వేలు పెట్టింది.

"దీని కింద ఇంకా సానా ఉన్నాయే పాపా, అచ్చరాలు" అంది. "అవీ సదువు."